పాత చైనా నాణేలు: గుర్తుపట్టడం, అసలో నకిలీయో తేల్చుకోవడం (తరచుగా అడిగే ప్రశ్నలు)

మధ్యలో నలుచదరపు చిల్లున్న నాణెం చేతికి రాగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఇది ఒరిజినలేనా?" దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. అసలు ఇది ఏ నాణెం? పేరు తెలిస్తే దాని బరువు ఎంత ఉండాలో, ఏ లోహంతో చేసి ఉండాలో, వెనకవైపు ఏం రాసి ఉండాలో తెలుస్తుంది. ఆపైన చేతిలో ఉన్నదాన్ని వాటితో సరిచూసుకోవడమే. నాణెం పేరు చెప్పకుండానే "ఇది అసలుదే" అని తేల్చేసే అమ్మకందారు దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

నా దగ్గరున్న చిల్లు నాణెం చైనాదేనా?

అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. జపాన్, కొరియా, వియత్నాం కూడా శతాబ్దాల పాటు ఇదే ఆకారంలో, ఇదే లిపిలో నాణేలు పోత పోశాయి. జపాన్ నాణేల్లో ఎక్కువగా కనిపించేది కానెయ్ త్సూహో. దాని వెనకవైపు అలల్లాంటి వంకర గీతలుంటే అది నాలుగు మోన్‌ల (మోన్ అంటే పాత జపాన్ నాణెపు విలువ) రకం. కొరియాది సాంగ్‌ప్యోంగ్ తోంగ్‌బో, 1678 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా నడిచింది. వెనకవైపు చిల్లు చుట్టూ టంకశాల అక్షరం, అంకెలు ఉంటాయి. వియత్నాం నాణేలు చాలావరకు పల్చగా, తేలిగ్గా ఉంటాయి.

రంగూన్, పెనాంగ్, సింగపూర్ వెళ్లొచ్చిన పెద్దవాళ్ల ట్రంకుపెట్టెల్లో ఇవన్నీ కలిసిపోయి ఉండే అవకాశం ఉంది. అందుకని ఒకటి చైనాది అని తేలినంత మాత్రాన మిగతావన్నీ అదే గాటన కట్టకండి. చిల్లు గుండ్రంగా ఉండి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే మాత్రం టెన్షన్ అక్కర్లేదు, అది 1943–47 మధ్య బ్రిటిష్ ఇండియాలో వచ్చిన మన చిల్లు కానీ.

చైనీస్ రాదు. ఏది పైవైపో, ఎటునుంచి చదవాలో ఎలా తెలుస్తుంది?

నాలుగు అక్షరాల్లో "బావ్" అనే ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు. నిధి, ధనం అని అర్థం. నాలుగింటిలో గీతలు ఎక్కువగా కిక్కిరిసి ఉండేది సాధారణంగా అదే. పైన ఇంటి కప్పులాంటి గీత, కింద రెండు చిన్న కాళ్లు ఉంటాయి. నాణేన్ని తిప్పుతూ ఆ అక్షరం చిల్లుకి ఎడమవైపు, కాళ్లు కిందికి వచ్చేలా పెట్టండి. నాణెం నిలువుగా నిలబడినట్టే.

ఇప్పుడు "తోంగ్" ఎక్కడుందో చూడండి. దాని ఎడమ పక్క నుంచి మొదలై అడుగంతా సాగిపోయే ఒక పొడవాటి గీత ఉంటుంది. అది కుడివైపు ఉంటే పై అక్షరం, కింది అక్షరం, తర్వాత కుడి, ఎడమ అనే వరసలో చదవాలి. చింగ్ వంశపు నాణేలన్నీ ఇంతే. తోంగ్ గానీ, దాని బదులు "యువాన్" గానీ అడుగున ఉంటే పైనుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కులో చదవాలి. సోంగ్ వంశం కాలపు (10–13 శతాబ్దాలు) నాణేల్లో ఇది మామూలే. ఎలా చదివినా బావ్ మాత్రం ఎడమవైపే ఉంటుంది.

రెండే అక్షరాలుంటే ముందు కుడి, తర్వాత ఎడమ.

ఫోన్‌లో అనువాదం యాప్‌తో మొత్తం నాణేన్ని ఫొటో తీస్తే పిచ్చి పిచ్చి జవాబులొస్తాయి. ఒక్కో అక్షరాన్ని విడిగా కత్తిరించి, నిటారుగా పెట్టి చూపించండి. చాలాసార్లు పనిచేస్తుంది.

ఏ కాలానిదో చూడగానే చెప్పగలమా?

సుమారుగా చెప్పొచ్చు. ముందు వెనక్కి తిప్పండి. చిల్లుకి రెండు పక్కలా నిలువుగా, గొలుసులా సాగే రాత కనిపిస్తే అది మంచూ లిపి. అంటే చింగ్ వంశం, 1644 తర్వాతిది. మన దగ్గర ఇళ్లలో బయటపడేవి చాలావరకు ఇక్కడే తేలిపోతాయి.

ముందువైపు రెండు అక్షరాలే ఉండి, కుడివైపుది పైనా కిందా అడ్డగీతలతో డమరుకంలా ఉంటే అది వూ-జూ. హాన్ చక్రవర్తి వూ కాలంలో క్రీ.పూ. 118లో మొదలై క్రీ.శ. 621 దాకా, అంటే ఏడు వందల ఏళ్లకు పైగా నడిచింది. దానికి ముందుది బాన్ లియాంగ్. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ షి హ్వాంగ్ దాన్నే దేశమంతటికీ ప్రమాణం చేశాడు. 621లో టాంగ్ వంశం కాయ్ యువాన్ తోంగ్ బావ్ తెచ్చింది. దానిమీది అక్షరాలు ఔయాంగ్ షున్ అనే లిపికారుడివి. నాలుగు అక్షరాల పద్ధతి అక్కణ్నుంచే స్థిరపడింది. ఆ నాణెం వెనక కొన్నిటికి చంద్రవంక ఉంటుంది. మైనపు నమూనా మీద రాణిగారి గోరు పడి ఆ గుర్తు వచ్చిందని కథ. ఆ రాణి ఎవరనేది చెప్పేవాళ్లను బట్టి మారిపోతుంది కాబట్టి కథగానే ఉంచుకుందాం.

చిల్లు లేకుండా, డ్రాగన్ బొమ్మతో ఉన్న రాగి నాణేలు 1900 తర్వాత మెషీన్ మీద కొట్టినవి. అది వేరే కథ.

చింగ్ నాణెం అని తెలిసింది. ఏ చక్రవర్తిది?

పై అక్షరం, కింది అక్షరం కలిపితే పాలనా కాలం పేరు వస్తుంది. వరసగా షున్‌జి (1644–1661), కాంగ్‌షీ (1662–1722), యోంగ్‌జెంగ్ (1723–1735), చియాన్‌లోంగ్ (1736–1795), జియాచింగ్ (1796–1820), దావోగ్వాంగ్ (1821–1850), షియాన్‌ఫెంగ్ (1851–1861), తోంగ్‌జి (1862–1874), గ్వాంగ్‌షూ (1875–1908), షువాన్‌తోంగ్ (1909–1911). ఎక్కువగా దొరికేది చియాన్‌లోంగ్‌ది. అరవై ఏళ్ల పాలన మరి.

వెనకవైపు మంచూ రాతలో ఎడమవైపు "బో" అని, కుడివైపు టంకశాల పేరు ఉంటాయి. బీజింగ్‌లోని రెండు టంకశాలల గుర్తులే తరచుగా కనిపిస్తాయి: ఆదాయ శాఖది "బో చువాన్", నిర్మాణ శాఖది "బో యువాన్". కాంగ్‌షీ కాలంలో కొన్నిటికి వెనక ఒకవైపు మంచూ, ఇంకోవైపు చైనీస్ ఉంటుంది. అది లోపం కాదు.

కాంగ్‌షీలో "లోహాన్ నాణెం" అని ఒకటుంది. "షీ" అక్షరంలో ఒక నిలువు గీత తక్కువ. లోహాన్ల (బౌద్ధ సాధువుల) బంగారు విగ్రహాలు కరిగించి పోశారని ప్రచారం ఉండటంతో ఉంగరాలకీ తాయెత్తులకీ వాడారు. మామూలు కాంగ్‌షీ నాణేన్నే లోహాన్ అని అంటగట్టడం మార్కెట్లో పాత అలవాటు. గీత లెక్కపెట్టుకుని కొనండి.

వాస్తు షాపులో ఎర్ర దారంతో కట్టి ఇచ్చిన మూడు నాణేలు అసలువేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. హైదరాబాద్, విజయవాడల్లో పర్సులో పెట్టుకోమని, గుమ్మానికి కట్టుకోమని అమ్మేవి ఈ మధ్య చేసినవే. మూడూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. ఒకే చోట ఒకే చుక్క, ఒకే అక్షరంలో ఒకే లోపం మూడింటిలోనూ కనిపిస్తే ఒకే అచ్చులోంచి వచ్చాయని అర్థం. నిజంగా చలామణీలో తిరిగిన మూడు నాణేలు అంత కవలల్లా ఉండవు. "ఐదుగురు చక్రవర్తుల సెట్" పేరుతో షున్‌జి నుంచి జియాచింగ్ దాకా ఐదింటిని కలిపి అమ్మేవాటికీ ఇదే వర్తిస్తుంది.

నమ్మకం కోసం, చిల్లర డబ్బులకి కొంటే అందులో మోసమేమీ లేదు. అదే వస్తువు "యాంటిక్" పేరుతో ఆన్‌లైన్‌లోకి ఎక్కినప్పుడే చిక్కు.

నాణెం తయారైన పద్ధతి తెలిస్తే నకిలీ పట్టుకోవచ్చంటారు. ఎలా?

నన్ను అడిగితే మిగతా పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

ఈ చిల్లు నాణేలు సుత్తితో కొట్టినవి కావు, పోత పోసినవి. తర్వాతి కాలాల్లో "తల్లి నాణెం" అని ప్రత్యేకంగా చెక్కిన స్ఫుటమైన నమూనాలు ఉండేవి. వాటిని సన్న ఇసుకలో అదిమి అచ్చు తీసేవారు. కరిగిన లోహం మధ్య కాలువలోంచి పక్కలకు పారి, చల్లారాక కొమ్మకు కాయల్లా నాణేలన్నీ ఒకే కాడకు అంటుకుని బయటికొచ్చేవి. వాటిని విరిచి, చిల్లుల్లోంచి నలుచదరపు కడ్డీ గుచ్చి, దొంతరగా బిగించి, అంచులను ఆకురాయితో సాపు చేసేవారు. చిల్లు చదరంగా ఉన్నది అందుకే, గుండ్రంగా ఉంటే కడ్డీ మీద నాణెం గిర్రున తిరిగిపోతుంది.

ఈ పని వదిలిన ఆనవాళ్లే మనకు సాక్ష్యం. నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి. ఆకురాయి గీతలు ఉండాలి, ఎన్నో చేతులు మారి అరిగి ఉండాలి. అంచు చుట్టూ మధ్యలో సన్నటి అతుకు గీత ఉంటే అనుమానించండి. చిల్లు లోపలి గోడలు చూడండి. అసలు నాణెంలో కొంచెం గరుకుగా, మూలలు అక్కడక్కడ ఒత్తుకుపోయి ఉండొచ్చు. మెషీన్‌తో కోసినట్టు నున్నగా, నాలుగు మూలలూ ఒకే కొలతలో ఉంటే బాగోలేదన్నమాట. అక్షరాలు నేల మట్టం నుంచి కొద్దిగా ఏటవాలుగా పైకి లేస్తాయి. చెక్కి అతికించినట్టు నిట్టనిలువుగా ఉండవు. అక్షరాల మధ్య ఖాళీలో సబ్బు నురగలాగా చిన్న చిన్న బుడగ గుంటలు బోలెడు కనిపిస్తే అది ఈ కాలపు పోతకు గుర్తు.

ఇంకో సంగతి. అసలు నాణేన్నే నమూనాగా పెట్టి నకిలీ పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుకే ఆ నకిలీ అసలుకంటే ఒక పిసరు చిన్నదిగా, గీతలు మొద్దుబారి ఉంటుంది. వ్యాసం కచ్చితంగా కొలిచే కాలిపర్స్ ఇక్కడ అక్కరకొస్తాయి.

ఒక మినహాయింపు ఉంది. 1889లో గ్వాంగ్‌డోంగ్ టంకశాల బర్మింగ్‌హామ్ నుంచి తెప్పించిన యంత్రాలతో చిల్లు నాణేలు అచ్చు కొట్టింది. గ్వాంగ్‌షూ పేరుతో పల్చగా, మెరుస్తూ, గీతలు కత్తుల్లా ఉండే ఆ నాణేన్ని చూసి చాలామంది నకిలీ అని పక్కన పడేస్తారు. అది అసలుదే.

పచ్చటి చిలుము ఉంటే పాతదే కదా?

కాదు. చిలుము పట్టించడం రసాయనాలతో కొద్ది రోజుల పని. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న కంచు మీద చిలుము పొరలు పొరలుగా ఏర్పడుతుంది: లోపల ఎర్రటి పొర, దాని పైన పచ్చటిది, ఒక్కోసారి నీలం మచ్చలు. గట్టిగా ఉంటుంది, గోటికి రాదు. కావాలని పట్టించింది ఒకే రంగులో, రంగేసినట్టు ఉంటుంది. అక్షరాల మూలల్లో ముద్దకట్టి, బాగా చేతులు తగిలే ఎత్తుల్లోనూ అంతే మందంగా ఉంటుంది. అసిటోన్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక మూల మెల్లగా రుద్దండి. దూదికి పచ్చరంగు అంటితే అది జిగురులో కలిపిన రంగు. అసలు చిలుముని అసిటోన్ ఏమీ చేయదు.

దీనికి తోడు చిలుము కింది లోహం రంగు చూడాలి. సోంగ్ కాలపు నాణేలు రాగి, తగరం, సీసం కలిసిన కంచు. నాణేలకు ఇత్తడి వాడటం మింగ్ వంశపు జియాజింగ్ చక్రవర్తి కాలంలో, 16వ శతాబ్దంలో మొదలైంది. పచ్చదనం రాలిన చోట పసుపుపచ్చ ఇత్తడి తళుక్కుమంటే ఆ "సోంగ్ నాణెం" సంగతి అక్కడితో సరి.

అయస్కాంతానికి అతుక్కుంటే నకిలీయేనా?

చైనా పాత వెండి డాలరైతే అవును, మారు మాట్లాడక్కర్లేదు. చిల్లు నాణెమైతే ఆగండి. సోంగ్ కాలంలో సిచువాన్ ప్రాంతంలో ఇనుప నాణేలు నడిచాయి, షియాన్‌ఫెంగ్ కాలంలోనూ ఇనుము వాడారు. అతుక్కోకపోయినా సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు. ఇత్తడి నకిలీలేవీ అతుక్కోవు.

ఎక్కువగా ఏ నాణేలకు నకిలీలు చేస్తారు?

ఖరీదైనవాటికి. వాంగ్ మాంగ్ (క్రీ.శ. 9–23) కాలపు కత్తి ఆకారపు డబ్బు, పార ఆకారపు డబ్బు, హుయ్‌జోంగ్ చక్రవర్తి సన్నటి అందమైన చేతిరాతతో వచ్చిన పెద్ద దా గ్వాన్ నాణేలు, తైపింగ్ తిరుగుబాటు రోజుల్లో ఖజానా ఖాళీ అయి షియాన్‌ఫెంగ్ ప్రభుత్వం విడుదల చేసిన 50, 100, 500, 1,000 విలువల పెద్ద నాణేలు ముందు వరసలో ఉంటాయి. ఇలాంటిది సంతలోనో, ఆన్‌లైన్‌లోనో చవగ్గా కనబడితే నకిలీ అనుకునే మొదలుపెట్టండి. మామూలు చియాన్‌లోంగ్ నాణేన్ని నకిలీ చేసి మిగిలేది తక్కువ కాబట్టి వాస్తు సరుకు బయట దాన్ని మరీ అంతగా అనుమానించక్కర్లేదు.

బట్టతల పెద్దమనిషి బొమ్మున్న వెండి డాలర్ ఉంది. ఎలా పరీక్షించాలి?

ఆయన యువాన్ షికాయ్, చైనా రిపబ్లిక్ అధ్యక్షుడు. 1914లో మొదలైన ఈ డాలర్‌ను చైనాలో "యువాన్ పెద్ద తల" అని పిలుస్తారు. వెండి డాలర్లలో విపరీతంగా నకిలీ అయ్యేవాటిలో ఇదొకటి.

బొమ్మ పైన ఉన్న అక్షరాలు లెక్కపెట్టండి. రిపబ్లిక్ 3వ సంవత్సరం (1914) నాణెం మీద ఆరు అక్షరాలుంటాయి. 8, 9, 10 సంవత్సరాలవాటి (1919, 1920, 1921) మీద ఏడు. సంవత్సరానికి 1911 కలిపితే మన లెక్క వస్తుంది. ఈ నాలుగూ కాక ఇంకో సంవత్సరం కనబడితే పక్కన పెట్టేయండి.

బరువు 26.6 నుంచి 26.9 గ్రాముల మధ్య, వ్యాసం 39 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అరిగితే కొంచెం తగ్గుతుంది. 20 గ్రాముల దగ్గర తూగితే ఇంక చూడాల్సిందేమీ లేదు. బరువు సరిపోయినా నీళ్ల పరీక్ష చేయండి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేనికి సన్న దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. ఈ నాణెంలో వెండి సుమారు 89 శాతం కాబట్టి కాటా 2.6 గ్రాముల దగ్గర చూపించాలి. రాగి-నికెల్ నకిలీ అదే బరువుంటే 3.0 దగ్గర చూపిస్తుంది. అంత తేడాని ఎవరూ దాచలేరు.

సన్ యట్ సేన్ బొమ్మ, వెనక రెండు తెరచాపల పడవ ఉన్న డాలర్‌కి ఇంకో చిట్కా. 21వ సంవత్సరం (1932) నాణెం మీద పడవ పైన పక్షులు, పక్కన ఉదయిస్తున్న సూర్యుడు ఉంటాయి. 22, 23 సంవత్సరాలవాటి మీద ఉండవు. సంవత్సరం ఒకటి, బొమ్మ ఇంకొకటి అయితే నకిలీ.

చియాన్‌లోంగ్ చక్రవర్తి ముఖమున్న వెండి నాణెం దొరికింది. అరుదైనదా?

ఊహా నాణెం, అంటే చైనా ఎప్పుడూ కొట్టనిది. చైనా చక్రవర్తుల ముఖాలు నాణేల మీదికి ఎక్కే అలవాటు లేదు. దీనికి మినహాయింపు మనకు దగ్గరిదే: సిచువాన్ రూపాయి. టిబెట్‌లో బ్రిటిష్ ఇండియా రూపాయి చలామణీ పెరిగిపోవడంతో దానికి పోటీగా 1900ల తొలి ఏళ్లలో సిచువాన్‌లో కొట్టించారు. విక్టోరియా రూపాయిని చూసి చేసిందే, రాణి ఉండాల్సిన చోట గ్వాంగ్‌షూ చక్రవర్తి ఉంటాడు. బరువూ దాదాపు మన రూపాయంతే.

ఒకవైపు త్రిశూలం పట్టుకున్న స్త్రీ, ఇంకోవైపు చైనీస్ అక్షరాలు. ఇది చైనాదేనా?

ఇది బ్రిటిష్ ట్రేడ్ డాలర్. చైనా, ఆగ్నేయాసియా వ్యాపారం కోసం 1895 నుంచి 1935 దాకా వచ్చింది. ఎక్కువ భాగం కొట్టింది బొంబాయి టంకశాల, కొన్ని కలకత్తా. త్రిశూలం నడిమి మొన మీద బొంబాయి గుర్తుగా చిన్న "బి" ఉంటుంది, భూతద్దంలో కనిపిస్తుంది. బరువు 26.95 గ్రాములు, వెండి 90 శాతం. దీనికీ నకిలీలు దండిగా ఉన్నాయి, పైన చెప్పిన నీళ్ల పరీక్ష దీనికీ పనికొస్తుంది.

వెయ్యేళ్ల నాటి నాణెమంటే లక్షలు పలుకుతుందా?

పలకదు. సోంగ్ ప్రభుత్వం 1080 ప్రాంతంలో ఏడాదికి 50 లక్షల కట్టలకు పైగా కంచు నాణేలు పోసింది. కట్టకు లెక్క ప్రకారం 1,000, అంటే సుమారు 500 కోట్ల నాణేలు. 1323లో కొరియా తీరంలో మునిగిన సినాన్ ఓడ ఒక్కదాంట్లోనే 28 టన్నుల నాణేలు దొరికాయి. అందుకే మామూలు సోంగ్ నాణేలు ఇప్పటికీ చవకే. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది కూడా వీటితోనే మొదలుపెట్టమని. నాలుగైదు అసలువి చేతిలో పెట్టుకుని చూస్తుంటే నకిలీ కనబడగానే కన్ను పట్టేస్తుంది. ధర పెరిగేది అరుదైన టంకశాల, అరుదైన అక్షరరూపం, నాణెం స్థితి వల్ల.

చింతపండుతో తోమితే తళతళలాడుతుంది కదా?

తళతళలాడుతుంది, ధర పడిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్లు తోమే పౌడర్ ఏదీ వద్దు. మట్టి ఉంటే కాచి చల్లార్చిన నీళ్లలోనో, డిస్టిల్డ్ వాటర్‌లోనో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో వదిలించండి. చాలు. లేత పచ్చటి పొడి రాలుతుంటే అది కంచుకి పట్టిన తెగులు, తేమతో పెరుగుతుంది. ఆ నాణేన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, సిలికా జెల్ పొట్లంతో పొడి డబ్బాలో పెట్టండి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వాడకండి, కొన్నాళ్లకు జిగట పట్టిస్తాయి.

ఎవరికి చూపించాలి?

వెండి నాణేనికి ముందుగా హాల్‌మార్కింగ్ సెంటర్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్ చాలు. గీత పడకుండా లోహాల శాతం చెప్పేస్తుంది. గీటురాయి మీద గీయనివ్వకండి. కాకపోతే ఆ మెషీన్ చూసేది పైపొరనే కాబట్టి మందంగా వెండి పూత వేసినదానికి నీళ్ల పరీక్ష కూడా కావాలి. చిలుము పట్టిన కంచు మీద దాని లెక్కలు అంతగా నమ్మలేం.

విలువైన నాణెమైతే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసి నంబరిస్తాయి. ఆ పెట్టెలకీ నకిలీలున్నాయి. నంబర్‌ని సంస్థ వెబ్‌సైట్లో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న గీతలు, మచ్చలు చేతిలోని నాణెం మీద కూడా ఉన్నాయో లేదో పోల్చండి. మామూలు నాణేలకు ఆ ఖర్చు దండగ. బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో చైనా నాణేల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు, పోల్చడానికి అవి చాలు.

పొలంలో దొరికితే? విదేశాలకు పంపొచ్చా?

చైనా నాణేలు దక్షిణ భారతంలో దొరకడం కొత్త కాదు. తంజావూరు ప్రాంతంలో రాశులుగా దొరికాయి, కొల్లం రేవులోనూ బయటపడ్డాయి. మన మోటుపల్లిలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. భూమిలో నిధిగా దొరికిన దాన్ని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాలి. ఇక వందేళ్లు దాటిన నాణెం ఏ దేశానిదైనా 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు, సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్లో వేసేముందు పురావస్తు శాఖను అడగండి.

"పాత నాణేలకు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటున్నారు. నిజమేనా?

మోసం. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఫీజులు, కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, తమకు అలాంటి వ్యాపారం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక విడుదల చేసింది. నాణెం నిజంగా కొనేవాళ్లు ముందు అడిగేది రెండు వైపులా స్పష్టమైన ఫొటోలు, బరువు, వ్యాసం. ఓటీపీ, ఆధార్ కాపీ, అడ్వాన్సు అడిగితే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.